కొత్త సీలు, పాత మరక

పాత జీపు ఉన్న ఇంటిని గేటు బయటి నుంచే గుర్తుపట్టవచ్చు. వాకిట్లో గచ్చు మీద, సరిగ్గా బండి నడుము వచ్చే చోట, ఎంత కడిగినా వదలని నల్లమరక ఒకటి ఉంటుంది. దాని మీద ఇసుక పోస్తారు, రంపప్పొట్టు చల్లుతారు, అట్టపెట్టె చింపి పరుస్తారు. ఇక లాభం లేదనుకున్నాక బండిని షెడ్డుకి తోలుకెళ్తారు. మెకానిక్ కిందికి దూరి, వేలితో తడిమి, వాసన చూసి "సీలు పోయింది సార్" అని తేల్చేస్తాడు. సీలు ఖరీదు ఎంతో ఉండదు, విప్పి బిగించే కూలీయే ఎక్కువ. సరే, మారుస్తారు. కొన్నాళ్ళు గచ్చు పొడిగా ఉంటుంది. తర్వాత ఒకరోజు పొద్దున్నే అదే చోట మళ్ళీ ఒక చుక్క.

అప్పుడు అందరూ అనే మాట "డూప్లికేట్ సీలు వేశాడు" అని. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ కొత్త సీలు కొన్ని వారాల్లోనే చేతులెత్తేసిందంటే, తప్పు దానిది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. దాన్ని ఓడించినదేదో ఇంకా లోపలే ఉంది. అదేమిటో పట్టుకోకుండా ఎన్ని సీళ్ళు మార్చినా మరక మాత్రం మారదు.

నడుము కింద రెండు పెట్టెలు

విల్లీస్ జీపు 1941లో అమెరికా సైన్యం కోసం తయారవడం మొదలైంది. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపుల్ని దించాయి. 1953లో వచ్చిన సీజే-3బీ నమూనాను మన దేశంలో మహీంద్రా దశాబ్దాల పాటు తయారుచేసింది. ఊళ్ళలో ఇవాళ్టికీ తిరుగుతున్న పాత జీపుల్లో చాలావాటి నడుము ఆ వంశానిదే కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మిగతా పాత ఫోర్‌వీల్ బండ్లలో అమరిక కొంత మారుతుంది గానీ, కారడం వెనకున్న శాస్త్రం మారదు.

ఇంజిను వెనక క్లచ్చు, క్లచ్చు వెనక గేరుబాక్సు, గేరుబాక్సు వీపుకి ఆనించి బిగించిన ట్రాన్స్‌ఫర్ కేసు. ఇదీ వరస. గేరుబాక్సు ఇచ్చిన బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది ట్రాన్స్‌ఫర్ కేసు. ఈ రెండో పెట్టెలో పట్టే నూనె ఒకటిన్నర లీటరుకు అటూ ఇటూ. నూనెను తిప్పే పంపు ఏదీ ఉండదు. అడుగున మునిగి ఉన్న గేరు పళ్ళు తిరుగుతూ నూనెను పైకి చిమ్ముతాయి, ఆ చిమ్ములతోనే బేరింగులన్నీ తడుస్తాయి. అంటే బండి నిలబడి ఉన్నప్పుడు మడుగులా అడుగున కూర్చునే నూనె, బండి నడిచేటప్పుడు పెట్టె లోపలి గోడల మీదా కప్పు మీదా అంతటా ఉంటుంది. ఈ తేడా తర్వాత మనకు పనికొస్తుంది.

తిరిగే ప్రతి షాఫ్టూ పెట్టెలోంచి బయటికి రావాలి. బయటికి వచ్చే ప్రతిచోటా కన్నం ఉంటుంది. వెనక చక్రాల వైపు ఒకటి, ముందు చక్రాల వైపు ఒకటి, క్లచ్చు వైపు ఒకటి, గేరు రాడ్లు వచ్చే చోట మరికొన్ని, స్పీడోమీటరు కేబులు తగిలించే చోట ఇంకొకటి. ఇవి కాక రెండు ఇనుప ముఖాలు కలిసే ప్రతిచోటా ప్యాకింగులు, అడుగున డ్రెయిన్ ప్లగ్గులు. కారడానికి దారులు డజను పైనే ఉన్నాయన్నమాట. "సీలు పోయింది" అన్న రెండు ముక్కల్లో ఏ సీలో, అసలు సీలేనో కాదో తేలదు.

పడిన చోటు కాదు, పుట్టిన చోటు

పెంకుటింట్లో ఉన్నవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. వానాకాలంలో ఇల్లు కురిసినప్పుడు చుక్క పడే చోట గిన్నె పెడతాం గానీ, పగిలిన పెంకు గిన్నెకు నేరుగా పైన ఉండదు. నీళ్ళు పగులులోంచి దిగి, వాసం పట్టుకుని జారి, ఎక్కడో ముడి దగ్గర ఆగి, అక్కడ చుక్కగా రాలతాయి. గేరుబాక్సు నూనె కూడా ఇంతే. ఇనుప హౌసింగు ఒళ్ళంతా మడతలూ బోల్టు తలలూ. నూనె వాటిని అంటుకుని జారుతుంది, అన్నింటికన్నా పల్లమైన చోటికి చేరి అక్కడ రాలుతుంది. సాధారణంగా ఆ పల్లం డ్రెయిన్ ప్లగ్గే. అందుకే చాలామంది ముందు దాన్నే పానా పెట్టి బిగిస్తారు. మరీ బిగిస్తే మర పాడై అదీ కారడం మొదలవుతుంది.

దీనికి తోడు గాలి. బండి వేగంగా పోతున్నప్పుడు కింది గాలి నూనెను వెనక్కి నెడుతుంది. గేరుబాక్సు ముందు భాగంలో పుట్టిన తడి, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక అంచు దాకా పాకిపోతుంది. కాబట్టి వెతకాల్సింది అన్నింటికన్నా ఎక్కువ తడిసిన చోటు కాదు. తడిసిన చోట్లలో అన్నింటికన్నా పైన, అన్నింటికన్నా ముందు ఉన్నది.

ఈ వంశపు జీపుల్లో ఇంకో తిరకాసు ఉంది. గేరుబాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య నూనె దాటలేనంత గట్టి అడ్డుగోడ లేదు. గేరుబాక్సు వెనక బేరింగు దగ్గర నుంచి నూనె మెల్లగా రెండో పెట్టెలోకి పోగలదు. ఇందులో ఒక్క చుక్కా నేల మీద పడదు. గేరుబాక్సు ఎండిపోతుంది, ట్రాన్స్‌ఫర్ కేసు పొంగిపోతుంది, పొంగిన నూనె వెనక సీలు మీద పడి అక్కణ్ణుంచి బయటికి వస్తుంది. సీలు మారుస్తారు, మళ్ళీ కారుతుంది. రెండు పెట్టెల్లోనూ నూనె మట్టం చూసే లెవెల్ ప్లగ్గుల్ని ఒకేసారి విప్పి చూస్తే ఈ గుట్టు నిమిషంలో బయటపడుతుంది. ఒకదాంట్లో వేలు పెట్టినా నూనె అందదు, రెండోది విప్పగానే నూనె ధారగా వస్తుంది.

> మరక ఏం చెబుతుంది?
>
> తెల్ల కాగితం మీదికి రెండు చుక్కలు పట్టి వెలుతురులో చూడండి.
>
> తేనెరంగు, చిక్కన, ముక్కుకి గంధకం ఘాటు తగిలితే అది గేరు ఆయిల్. షెడ్లలో 90 నంబరు ఆయిల్ అనేది ఇదే.
>
> నల్లగా, పల్చగా, మాడిన వాసన వేస్తే ఇంజిన్ ఆయిల్. క్లచ్చు హౌసింగు అడుగున ఉన్న చిన్న కన్నంలోంచి చుక్క పడుతుంటే ఈ తేడా ముఖ్యం. ఇంజిను వెనక సీలు కారినా, గేరుబాక్సు ముందు సీలు కారినా రెండూ ఆ ఒక్క కన్నంలోంచే బయటికి వస్తాయి.
>
> ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేరుబాక్సులో, చాలా పవర్ స్టీరింగుల్లో వాడే ద్రవం.
>
> దాదాపు రంగులేక, నీళ్ళంత పల్చగా ఉండి, రంగు మీద పడితే పెయింటు ఊడిపోతుంటే బ్రేక్ ఆయిల్. ఇది కనబడితే గేరుబాక్సు సంగతి పక్కనపెట్టి ముందు బ్రేకు చూపించుకోండి.
>
> బూడిద కలిసిన తెలుపు రంగుకి తిరిగి, నురగగా ఉంటే గేరు ఆయిల్లో నీళ్ళు కలిశాయి.

సీలు ఎలా ఆపుతుంది

ఆయిల్ సీలును చేతిలోకి తీసుకుంటే మూడే భాగాలు కనిపిస్తాయి. చుట్టూ ఇనుప రింగు, దానికి అతికిన రబ్బరు, ఆ రబ్బరు లోపలి అంచున పల్చటి పెదవి. పెదవి వెనక సన్నటి స్ప్రింగు ఒకటి చుట్టుకుని, దాన్ని షాఫ్టు మీదికి అదిమి ఉంచుతుంది. తొలి రోజుల్లో ఈ పెదవి తోలుతో ఉండేది. యుద్ధకాలపు జీపుల్లోనూ తోలు సీళ్ళే. ఈ రకం సీలును 1930లలో తీర్చిదిద్దినవాళ్ళలో ముఖ్యుడు వాల్తర్ జిమ్మర్ అనే ఇంజినీరు. ఆయన పనిచేసిన జర్మన్ కంపెనీ ఫ్రాయిడెన్‌బర్గ్, చర్మం శుద్ధిచేసే వ్యాపారంతో ఎదిగిన సంస్థ. తోలు పదును తెలిసిన చేతుల్లోంచి ఇంజినీరింగు వస్తువు పుట్టడం చిత్రంగా అనిపిస్తుంది గానీ, నూనెను ఆపడానికి అప్పట్లో తోలును మించిన మెత్తటి సరుకు లేదు. సింథటిక్ రబ్బరు వచ్చాక తోలు తప్పుకుంది.

పెదవి షాఫ్టుని గట్టిగా నొక్కి పట్టుకోవడం వల్లే నూనె ఆగుతుందని అనుకుంటాం. అది సగం నిజం. నిమిషానికి వేలసార్లు తిరిగే ఉక్కు మీద పొడి రబ్బరు ఆనితే క్షణాల్లో మాడిపోతుంది. నిజానికి పెదవికీ షాఫ్టుకీ మధ్య నూనె పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు. పెదవి తేలుతున్నది ఆ పొర మీదే.

మరి పొర ఉన్నప్పుడు నూనె దాని వెంటే బయటికి రావద్దా? ఇక్కడే సీలు చేసే అసలు పని ఉంది. పెదవి రెండు వైపులా ఒకే వాలుతో ఉండదు. నూనె వైపు నిటారుగా, గాలి వైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరుగుతున్నప్పుడు రబ్బరు ఉపరితలం మీది కంటికి కనబడని గరుకులు ఒక పక్కకి సాగుతాయి. ఆ సాగడం, ఈ వాలు తేడా కలిసి, బయటికి రాబోయిన నూనెను మళ్ళీ లోపలికి తోస్తాయి. అంటే మంచి సీలు ఒక మూత మాత్రమే కాదు, అతి చిన్న పంపు. బండి నడిచినంతసేపూ బయటినుంచి లోపలికి తోడుతూనే ఉంటుంది. సీలును తిరగేసి కొడితే ఇదే పంపు లోపలి నూనెను బయటికి తోడుతుంది. స్ప్రింగు కనిపించే వైపు నూనె వైపుకి ఉండాలన్న నియమం అందుకే.

సీలును ఓడించేవి

మొదటిది దుమ్ము. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి దీన్నుంచి తప్పించుకోవడం కష్టం. సన్నటి ఇసుక రేణువులు మెత్తటి రబ్బరు పెదవిలో దిగబడి అక్కడే ఉండిపోతాయి. ఆ తర్వాత షాఫ్టు తిరిగిన ప్రతిసారీ అవి ఉక్కును గీస్తాయి. ఏళ్ళు గడిచేసరికి రబ్బరు కన్నా ముందు ఉక్కే అరుగుతుంది. షాఫ్టు మీద పెదవి ఆనే చోట సన్నటి గాడి పడుతుంది. గోరుతో అడ్డంగా గీసి చూస్తే టక్కున తగులుతుంది. ఆ గాడి మీద కొత్త సీలు వేస్తే పెదవి ఎప్పటికీ సరిగా కూర్చోదు. కొత్త సీలుకి పాత మరక రావడానికి ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇదొకటి.

రెండోది షాఫ్టు ఆట. బేరింగు అరిగితే షాఫ్టు తన మధ్య నుంచి పక్కకి జరిగి ఊగుతూ తిరుగుతుంది. రబ్బరు ఒక పక్క నలుగుతుంది, మరో పక్క సందు తెరుచుకుంటుంది. సన్నటి సందులోంచి కారే నూనె, సందు పెరిగిన లెక్కన పెరగదు. సందు రెండింతలైతే కారడం ఎనిమిదింతలవుతుంది. అందుకే నిన్నటిదాకా చెమ్మగా ఉన్నది ఇవాళ ఉన్నట్టుండి చుక్కలు కడుతుంది. దీనికి వేడి తోడవుతుంది. 40 డిగ్రీల దగ్గర ఉన్న గేరు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీలకు చేరేసరికి దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఘాటు ఎక్కి దిగి వచ్చిన బండి వెంటనే కారి, మర్నాడు పొద్దున్న కారకపోవడంలో వింతేమీ లేదు.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. షాఫ్టు చివర పళ్ళ గాళ్ళు ఉంటాయి. ప్రొపెల్లర్ షాఫ్టుని తగిలించే యోకు వాటి మీదే కూర్చుంటుంది. సీలు పెదవి ఆనేది యోకు బయటి ఒంటి మీద. కానీ నూనెకి ఇంకో దారి ఉంది. యోకు లోపలి వైపు నుంచి, ఆ పళ్ళ సందుల వెంట నడిచి, చివరి నట్టు కింద నుంచి బయటికి వస్తుంది. సీలు నిక్షేపంగా ఉంటుంది. దాని మధ్యలోంచే నూనె తప్పించుకుపోతుంది. యోకు మధ్యలో నట్టు చుట్టూ తడి కనిపిస్తే సీలు జోలికి పోకముందే ఇది అనుమానించాలి.

ఊపిరాడని పెట్టె

నాలుగో కారణానికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి. ఎందుకంటే అన్నింటికన్నా చవగ్గా బాగయ్యేదీ, అన్నింటికన్నా తక్కువమంది చూసేదీ ఇదే.

పెట్టెలో నూనె పైన మిగిలిన జాగా అంతా గాలే. పొద్దున 30 డిగ్రీలున్న ఆ గాలి బండి నడిచాక 90 డిగ్రీలకు చేరిందనుకోండి. బయటికి పోయే దారి లేకపోతే దాని ఒత్తిడి అయిదో వంతు పెరుగుతుంది. నూనె కూడా వేడికి కాస్త ఉబ్బి గాలికి ఉన్న చోటును ఇంకొంత తగ్గిస్తుంది. మొత్తం మీద మూడు పీఎస్ఐ పైచిలుకు ఒత్తిడి సీళ్ళన్నింటి మీదా లోపలినుంచి పడుతుంది. వినడానికి చిన్న అంకె. కానీ మామూలు ఆయిల్ సీలు ఒత్తిడిని ఆపడానికి చేసింది కాదు, చిమ్మే నూనెను ఆపడానికి చేసింది. నాలుగైదు పీఎస్ఐ దగ్గర దాని పెదవి వంగిపోతుంది. అరిగిన షాఫ్టు మీద అంత కూడా అక్కర్లేదు.

అందుకే పెట్టె పైన చిన్న బ్రీదర్ ఉంటుంది. లోపలి గాలి ఉబ్బితే బయటికి, చల్లబడితే తిరిగి లోపలికి పోవడానికి. పొలాల్లో, అడవి దారుల్లో తిరిగే బండికి దాని మూతి బురదతో పూడుకుపోవడానికి ఒక వర్షాకాలం చాలు. పూడుకుపోయాక పెట్టె అన్నింటికన్నా బలహీనమైన సీలు పక్కనుంచి ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది. ఆ సీలుని మారిస్తే దాని తర్వాత బలహీనమైనది కారుతుంది. ఒకదాని తర్వాత ఒకటి సీళ్ళు మారుస్తూ పోయిన బండి ఏదైనా మీకు తెలిస్తే, దాని బ్రీదర్ ఎవరూ చూసి ఉండరు.

చల్లబడటం ఇంకా ప్రమాదం. నర్సీపట్నంలో ఒక షెడ్డు దగ్గర, చింతపల్లి వైపు నుంచి దిగివచ్చిన సర్వీసు జీపు ట్రాన్స్‌ఫర్ కేసు ప్లగ్గు విప్పడం చూశాను. తేనెరంగులో ఉండాల్సిన నూనె బూడిద కలిసిన తెలుపులో, బుడగలతో, బద్ధకంగా డబ్బాలోకి దిగింది. పెద్ద మేస్త్రీ వేలితో కలియబెట్టి డ్రైవరు మొహం చూశాడు.

"ఏటయ్యా, గెడ్డలో దింపినావా?"

"సంతరోజు మేస్త్రీ. దాటకపోతే ఎలాగ?"

"దాటడం తప్పని నానేటి అన్లేదు. దాటేముందు పావుగంట బండిని ఆపినావా?"

డ్రైవరు నవ్వేశాడు. సంతకి పోయే జనం పావుగంట ఆగనిస్తారా! మేస్త్రీ కుర్రాణ్ణి టార్చి పట్టమని, పెట్టె పైకి చెయ్యి పోనిచ్చి బ్రీదర్ ఊడదీసి వాళ్ళిద్దరికీ చూపించాడు. దాని కన్నం నిండా రాయిలా గట్టిపడ్డ ఎర్రమట్టి ఉంది. తీగముక్కతో పొడిస్తే పెళ్ళగా రాలింది.

ఘాటు దిగి వచ్చిన ఆ పెట్టెలోని గాలి 80 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. గెడ్డ (వాగు) నీళ్ళు తగలగానే 30కి పడిపోయింది. ఒత్తిడి ఏడో వంతు తగ్గిపోతుంది. అంటే మీటరుకు పైగా ఎత్తున్న నీటిని లాగగలిగినంత పీల్పు. సీలు లోపలినుంచి వచ్చే నూనెను ఆపడానికే గానీ, బయటినుంచి వచ్చే నీటిని ఆపడానికి పుట్టలేదు. దాని పంపింగు కూడా లోపలి వైపుకే కదా! నీళ్ళు తడబడకుండా లోపలికి పోతాయి. నూనెలో నీళ్ళు చేరితే పళ్ళ మధ్య పొర తెగుతుంది, బేరింగులు తుప్పుపడతాయి, తుప్పుపట్టిన బేరింగు షాఫ్టుని ఊపుతుంది, ఊగే షాఫ్టు సీలుని పాడుచేస్తుంది. ఎప్పుడో గెడ్డ దాటిన ఫలితం నెలల తర్వాత గచ్చు మీద మరకగా తేలుతుంది.

దీనికి మందు ఒక బారెడు రబ్బరు గొట్టం. బ్రీదర్ నుంచి గొట్టం తీసి, బానెట్ కింద ఎత్తయిన చోట దాకా నడిపించి, చివర చిన్న ఫిల్టరు తగిలిస్తే చాలు. ఊపిరి తీసుకునే మూతి నీటికి అందనంత పైన ఉంటుంది.

జాడ తీయడం

ముందు కడగాలి. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డూ మట్టీ కింద ఏ ఆధారమూ కనబడదు. కిరోసినుతో, గట్టి బ్రష్షుతో రెండు పెట్టెలూ ఇనుము తేలేదాకా శుభ్రం చేసి ఆరనివ్వాలి. తర్వాత అనుమానమున్న చోట్ల టాల్కం పౌడరు పల్చగా చల్లండి. తెల్లటి పొడి మీద నూనె పడగానే నల్లటి గీత దిగుతుంది, ఆ గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి వచ్చి కింద దూరి చూస్తే చాలు. తిప్పకముందు బ్రీదర్ ఊడదీసి శుభ్రం చేసి పెట్టుకోండి. ఒక్కోసారి ఆ తిప్పుడులోనే కారడం ఆగిపోయి, షెడ్డు ఖర్చు తప్పుతుంది.

కారే వేళ కూడా చెబుతుంది. నడిచినప్పుడే కారి, నిలబెట్టాక ఆగిపోతే నూనె మడుగుకు పైన ఉన్న సీలు. నూనె చిమ్మితేనే అది తడుస్తుంది. రాత్రంతా నిలబెట్టినా కారుతూనే ఉంటే మడుగు మట్టానికి కింద ఉన్నది, అంటే డ్రెయిన్ ప్లగ్గో, కింది ప్యాకింగో, హౌసింగులో పగులో. ఇందులో ఒక చిన్న ఉపాయం ఉంది. కారి కారి ఒక దగ్గర తనంతట తనే ఆగిపోతే, అప్పుడు లోపల నూనె ఎంత ఎత్తులో ఉందో చూడండి. సన్నటి తీగని వంచి లెవెల్ కన్నంలోంచి దించితే తెలిసిపోతుంది. కన్నం ఆ ఎత్తులోనే ఉంది. మిగతావన్నీ వెతికే పని తప్పుతుంది.

చుక్క లెక్క కూడా వేసుకోవచ్చు. నూనె చుక్కలో సుమారు ఇరవయ్యో వంతు మిల్లీలీటరు ఉంటుంది. నిమిషానికి ఒక్క చుక్క అంటే రోజుకి 70 మిల్లీలీటర్ల పైనే. ఆ లెక్కన ఒకటిన్నర లీటరు పెట్టె మూడు వారాల్లో ఖాళీ.

విప్పేటప్పుడు

వెనక సీలే దోషి అని తేలిందనుకుందాం. విల్లీస్ వంశపు జీపుల్లో చాలావాటికి హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, సరిగ్గా ఈ సీలు పక్కనే డ్రమ్ము ఉంటుంది. ఈ అమరికతో రెండు చిక్కులు. సీలు కారితే నూనె నేరుగా బ్రేకు షూల మీద పడి, ఏటవాలు మీద ఆపిన బండి ఆగదు. ఇక రెండోది ప్రాణాల మీదికి తెచ్చేది. హ్యాండ్‌బ్రేకు పట్టేది ప్రొపెల్లర్ షాఫ్టుని. దాన్ని ఊడదీయగానే బ్రేకు లాగి ఉన్నా చక్రాలకు దానితో సంబంధం తెగిపోతుంది. బండి కింద మనిషి ఉండగా జీపు కదిలిపోతుంది. నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్ళు పెట్టకుండా ఒక్క బోల్టు కూడా ముట్టుకోకూడదు.

నూనె వేడిగా ఉన్నప్పుడే దించాలి. అడుగున కూర్చున్న చెత్త దాంతోపాటు వస్తుంది. డబ్బా అడుగున మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల. పసుపు రేకులు మెరిస్తే ఇత్తడి, కంచు భాగాలు పోతున్నాయి. గుచ్చుకునే ఇనుప పెళ్ళలు దొరికితే ఇక సీలు గురించి మాట్లాడుకోవడం అనవసరం, పెట్టె పూర్తిగా విప్పాల్సిందే.

డ్రమ్ము లోపలి ధూళిని నోటితోగానీ గాలిపైపుతోగానీ ఊదకండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడిగుడ్డతో తుడవాలి. నూనె తాగిన షూలను పెట్రోలుతో కడిగి, నిప్పుల మీద కాల్చి మళ్ళీ బిగించే అలవాటు మన షెడ్లలో ఉంది. అది పనికిరాదు. లోపలికి ఇంకిన నూనె డ్రమ్ము వేడెక్కగానే మళ్ళీ పైకి తేలుతుంది. లైనింగు మార్చించుకోవడమే మేలు.

యోకు తీయకముందు దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ లాగి చూడాలి. ముందూ వెనకల ఆట మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఉండటం సహజం. దాన్ని సరిచేయడానికే బేరింగు మూత వెనక పల్చటి రేకులు పెడతారు. పైకీ కిందికీ చేతికి తెలిసేంత ఊగుతోందంటే బేరింగు మార్చకుండా సీలు మార్చడం దండగ.

ఇక గాడి. యోకు మీద గాడి పడి ఉంటే మూడు దారులు. కొత్త యోకు కొనడం మొదటిది, దొరికితే. ఆ గాడి మీద పల్చటి స్టీలు తొడుగు ఎక్కించడం రెండోది. మిల్లీమీటరులో మూడో వంతు కన్నా పల్చగా ఉంటుంది కాబట్టి సీలు సైజు మార్చక్కర్లేదు. ఈ రెండూ కుదరకపోతే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి కూర్చోబెట్టడం మూడోది. పెదవి గాడి పక్కన, అరగని ఉక్కు మీద ఆనుతుంది. పైసా ఖర్చు లేని ఈ మూడో ఉపాయమే నాకు నచ్చుతుంది. సీలు కూర్చునే గూడు లోతుగా ఉంటేనే అది కుదురుతుందన్నది వేరే సంగతి.

కొత్త సీలు పెదవికి గ్రీజు రాయాలి. మొదటి కొన్ని క్షణాలు నూనె చేరేదాకా అదే దాన్ని కాపాడుతుంది. సీలు చుట్టుకొలతకి సరిపడే పైపు ముక్కని ఆనించి నాలుగు వైపులా సమంగా తట్టాలి. ఒక పక్క సుత్తితో కొడితే ఇనుప రింగు వంగుతుంది, అలా వంగిన సీలు బయటి అంచు నుంచి కారుతుంది. యోకు ఎక్కించే ముందు పళ్ళ మీద, నట్టు వాషరు కింద కొంచెం సీలెంటు పూయడం మరచిపోకూడదు. పళ్ళ సందుల దారి మూసుకుపోయేది అక్కడే.

నూనె నింపేటప్పుడు లెవెల్ కన్నం అంచుదాకా పోసి, పైన ఉన్నది కారిపోయేదాకా ఆగి, అప్పుడు ప్లగ్గు బిగించాలి. "కారుతోంది కదా, ఓ పావు ఎక్కువ పోద్దాం" అనుకుంటే ఆ పావే ముందు బయటికి వస్తుంది.

> చిక్కటి నూనె, సీసా మందు
>
> 90 బదులు 140 పోస్తే కారడం తగ్గుతుంది. నిజమే, చిక్కటి నూనె సన్నటి సందులోంచి మెల్లగా పోతుంది. కానీ చలికాలం పొద్దున్నే గేరు పడదు, చిక్కటి నూనె బేరింగులకి చేరడానికి ఆలస్యమవుతుంది. ఇంటిదాకా బండి చేర్చుకోవడానికైతే సరే.
>
> కారడం ఆపుతాయని అమ్మే సీసా మందులు రబ్బరును ఉబ్బిస్తాయి. ఏళ్ళ వేడికి గట్టిపడిన సీలు మెత్తబడి కొన్నాళ్ళు పట్టు చూపిస్తుంది. అరిగిన షాఫ్టుకీ పూడిన బ్రీదరుకీ ఆ సీసాతో పని లేదు.
>
> డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. రెండోదే గొప్పదనుకుని అన్నిచోట్లా పోస్తుంటారు. వెనక ఇరుసు గేర్లకి అది కావాలి. కానీ అందులో ఎక్కువగా ఉండే గంధకం, ఫాస్ఫరస్ మందులు పాత గేరుబాక్సుల్లోని ఇత్తడి రింగుల్ని తినేయగలవు. పాత పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి.

ఎంతవరకు భరించాలి

పాత జీపు అంటే కారక మానదు అనేది షెడ్లలో వేదవాక్కులా చెలామణీ అవుతుంది. అందులో సగమే నిజం. ప్యాకింగు అంచున దుమ్ము అంటుకుని నల్లబడిన చెమ్మ, ఎన్ని నెలలైనా చుక్క కట్టకపోతే దాన్ని వదిలేయమనే నా సలహా. దాని కోసం గేరుబాక్సు దించితే, పానా పడని బోల్టులు విరగడం, పాత ప్యాకింగుల స్థానంలో సరిపోని కొత్తవి రావడం, లేని చోట కొత్త కారుడు పుట్టడం మామూలే. వారానికోసారి తుడుచుకుంటే పోయేదానికి రెండు రోజులు బండి పండబెట్టడం ఎందుకు?

చుక్క కట్టిందంటే మాత్రం అది ఎక్కడ పడుతోందన్నదే లెక్క. గచ్చు మీద పడుతుంటే లెవెల్ చూసుకుంటూ నెలాఖరు దాకా ఆగవచ్చు. క్లచ్చు ప్లేటు మీద పడి చడావు ఎక్కేటప్పుడు ఇంజిను అరుస్తూ బండి ముందుకు పోకపోతే, లేదా హ్యాండ్‌బ్రేకు డ్రమ్ములో పడి షూలు తడుస్తుంటే, ఆ బండిని ఘాటు దారిలో జనంతో ఎక్కించకూడదు. మరమ్మతయ్యాక మొదటి వంద కిలోమీటర్లలో డ్రమ్ము అడుగున ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. హౌసింగు మడతల్లో దాక్కున్న పాత నూనె వేడికి కరిగి దిగుతుంది. తుడిచేసి, మళ్ళీ పౌడరు చల్లి, ఇంకో పది కిలోమీటర్లు తిప్పి చూడండి. పౌడరు తెల్లగానే ఉంటే బ్రీదర్ గొట్టం పని చూసుకోవచ్చు.